కళ్ళ కలకకి యాంటీబయాటిక్ చుక్కలు: ఒకే సీసా హాస్టల్ పిల్లలందరికీ వెయ్యొచ్చా?

నాగావళి గట్టు, రాయగడ

అందరికీ నమస్కారం. రాయగడ దగ్గర ఆశ్రమ పాఠశాల హాస్టల్లో అరవై మంది పిల్లలుంటారు. నాలుగు రోజుల్లో తొమ్మిది మందికి కళ్ళు ఎర్రబడ్డాయి. ఏడుగురికి నీళ్ళు కారుతున్నాయి. ఇద్దరికి పొద్దున్న లేచేసరికి రెప్పలు అతుక్కుపోయేంత పచ్చటి పుసి. మందుల షాపులో ఒడియాలో ‘ఆఖి లాల్’ (కళ్ళు ఎర్రబడ్డాయి) అనగానే ఒక చుక్కల మందు సీసా చేతిలో పెట్టారు. అందరికీ అదే వెయ్యొచ్చా? ఒక చుక్కా, రెండా? రోజుకి ఎన్నిసార్లు? మిగిలింది దాచుకోవచ్చా? పుసి ఉన్న ఇద్దరికీ నిన్నటి నుంచి వేస్తున్నాం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

మందుల బీరువా, పర్లాకిమిడి

ముందు ఆ సీసా పక్కన పెట్టి, అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న కాంపోజిషన్ చూసి ఇక్కడ రాయండి. బ్రాండు పేరు అక్కర్లేదు, దాని కింద ఉండే మందుల పేర్లు, శాతాలు కావాలి. ఒకే బ్రాండు పేరు మీద రెండు మూడు రకాల సీసాలు అమ్ముతారు. పెట్టె రంగు కూడా దాదాపు ఒకటే. తేడా అంతా పేరు చివర ఉండే ఒకటి రెండు అక్షరాల్లో ఉంటుంది.

‘డి’ అని ఉంటే చాలావరకు డెక్సామెథాసోన్ కలిసిందని. ‘ఎల్‌పి’ అంటే లోటెప్రెడ్నాల్. ఈ రెండూ స్టెరాయిడ్లు. ‘కె’ గానీ ‘కెటి’ గానీ ఉంటే ఎక్కువగా కీటోరోలాక్. అది స్టెరాయిడ్ కాదు, నొప్పీ వాపూ తగ్గించే మందు. అయితే ఈ అక్షరాలు కంపెనీకో రకంగా ఉంటాయి కాబట్టి వాటిని నమ్ముకోకండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్, హైడ్రోకార్టిసోన్... వీటిలో ఏ పేరున్నా అది కంటి డాక్టరు పరీక్ష చేసి రాస్తేనే వాడాల్సిన మందు.

నాగావళి గట్టు, రాయగడ

చూశానండి. సిప్రోఫ్లాక్సాసిన్ 0.3%, డెక్సామెథాసోన్ 0.1% అని ఉంది. 10 మి.లీ. సీసా. కంటికీ చెవికీ అని కూడా రాసి ఉంది.

మందుల బీరువా, పర్లాకిమిడి

అనుకున్నదే. ఆ సీసా ఇక ఏ పిల్లకీ వెయ్యకండి. ఒక్క రోజు వేసినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు, ఆపేస్తే సరిపోతుంది. వారాల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు మాత్రం తమంతట తాము ఆపకుండా డాక్టర్ని అడిగే ఆపాలి, వాళ్ళ సంగతి వేరు.

దీంతో చిక్కెక్కడంటే, స్టెరాయిడ్ పడగానే ఎరుపు పోతుంది, మంట తగ్గుతుంది. ఇంట్లోవాళ్ళు ‘భలే మందు’ అనుకుంటారు. లోపల ఉన్నది హెర్పిస్ వైరస్ అయినా, ఫంగస్ అయినా స్టెరాయిడ్ దానికి అడ్డు తీసేసినట్టే. పైకి కన్ను తెల్లగా కనిపిస్తూ ఉంటుంది, లోపల నల్లగుడ్డు మీద పుండు పెరుగుతూ ఉంటుంది. నెలల తరబడి వేస్తే కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లం రావచ్చు. గ్లాకోమాతో పోయిన చూపు తిరిగి రాదు.

‘కంటికీ చెవికీ’ అన్న ముక్క మీద ఇంకో మాట. కంటికని తయారైన మందుని డాక్టరు చెవికి రాయవచ్చు. చెవికి మాత్రమే అని ఉన్న మందు కంట్లో పడకూడదు. రెంటికీ పనికొచ్చే మందైనా, చెవిలో ఒకసారి వాడిన సీసా మళ్ళీ కంటి దగ్గరికి రాకూడదు. చీము కారే చెవికి తగిలిన మొన అది.

కంటి దీపం, గుణుపురం

నాగావళి గారూ, తొమ్మిది మందినీ ఒకే గాటన కట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ ఏడుగురిదీ వైరస్ కలకలాగా ఉంది, ఇద్దరిది బ్యాక్టీరియాది కావచ్చు. చూసి చెప్పడం నూటికి నూరుపాళ్ళు కుదరదు, కానీ కొన్ని గుర్తులున్నాయి.

బ్యాక్టీరియా అయితే పుసి చిక్కగా, పసుపుగానో ఆకుపచ్చగానో ఉంటుంది. తుడిచిన కాసేపటికే మళ్ళీ కనుకొలకులో చేరుతుంది. పొద్దున్నే రెప్పలు అంటుకుపోతాయి. ఒక కంట్లో మొదలై రెండో దానికీ రావచ్చు. వైరస్ అయితే నీళ్ళలా కారుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది, జలుబో గొంతు నొప్పో ముందుగానో తోడుగానో ఉంటుంది. చెవి ముందు వేలితో నొక్కితే చిన్న గడ్డ తగిలి నొప్పి పుట్టడం వైరస్‌కి మంచి గుర్తు. ఎలర్జీ అయితే అన్నిటికంటే దురద ఎక్కువ. రెండు కళ్ళూ ఒకేసారి దురదపెడతాయి, పిల్లలు నలుపుతూనే ఉంటారు.

వైరస్ కలకలో కూడా పొద్దున్నే కాస్త రెప్పలు అంటుకుంటాయి. అందుకని ఒక్క ఆ గుర్తు మీదే తీర్మానించకండి. పగలంతా పుసి వస్తోందా లేదా అన్నది చూడండి.

వంశధార, పర్లాకిమిడి

అయితే నీళ్ళు కారే ఏడుగురికీ ఏమీ వెయ్యొద్దంటారా మేడమ్? తల్లిదండ్రులు వచ్చి ‘మందు కూడా వెయ్యలేదేటి’ అని నిలదీస్తారు. ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ చుక్క వేస్తే నష్టమేటి?

కంటి దీపం, గుణుపురం

నష్టం ఉంది వంశధార గారూ. మొదటిది, వైరస్ మీద యాంటీబయాటిక్ పని చెయ్యదు. 2023 వానాకాలంలో దేశమంతా కళ్ళ కలక పాకినప్పుడు అందులో ఎక్కువ భాగం వైరస్సే, అయినా యాంటీబయాటిక్ చుక్కలు విపరీతంగా అమ్ముడుపోయాయి. రెండోది, చుక్కలతో కూడా కన్ను ఎర్రబడుతుంది. చాలా సీసాల్లో మందు పాడవకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ అనే నిల్వ పదార్థం ఉంటుంది. అవసరం లేని కంట్లో రోజుల తరబడి పడితే అదే కంటి పైపొరని రేపుతుంది. ‘తగ్గలేదు’ అని ఇంకా వేస్తారు, ఇంకా ఎర్రబడుతుంది. మూడోది, ఒకే సీసా ఏడుగురి రెప్పల మీదుగా తిరిగితే, లేనివాళ్ళకి కూడా మీరే అంటించినట్టవుతుంది.

నీళ్ళు కారే పిల్లలకి చల్లటి తడి గుడ్డ, రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదారు నిమిషాలు. గుడ్డ ఎవరిది వాళ్ళదే. గరగర ఎక్కువైతే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5% లాంటి కన్నీటి చుక్కలు చాలు. అది కూడా మనిషికో సీసా. వైరస్ కలక మొదటి నాలుగైదు రోజులు పెరిగినట్టే ఉంటుంది, పూర్తిగా పోవడానికి రెండు వారాలు పట్టవచ్చు. తల్లిదండ్రులకి ఈ లెక్క ముందే చెబితే మూడో రోజు షాపుకి పరిగెత్తరు.

నేత్ర వైద్యం, బరంపురం

పుసి ఉన్న ఇద్దరి సంగతి. మామూలు బ్యాక్టీరియా కలక చాలామందిలో వారం పది రోజుల్లో మందు లేకుండానే తగ్గుతుంది. చుక్కలు వేస్తే కాస్త తొందరగా తగ్గుతుంది, ఇతరులకి అంటుకునే రోజులు తగ్గుతాయి. హాస్టల్లో ఉన్న పిల్లలకి ఆ రెండో కారణం కోసమైనా వెయ్యడం మంచిదే. కానీ ముందు డాక్టరుకి చూపించి, చీటీ రాయించుకుని కొనండి. ఇవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు.

సాధారణంగా రాసే పద్ధతులు చెబుతాను. వయసుని, తీవ్రతని బట్టి మారతాయి కాబట్టి మీ చీటీలో వేరేగా ఉంటే చీటీయే పాటించండి. మాక్సీఫ్లాక్సాసిన్ 0.5% అయితే ఒక చుక్క, రోజుకి మూడుసార్లు, ఏడు రోజులు. సిప్రోఫ్లాక్సాసిన్ 0.3% అయితే మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపు రెండేసి గంటలకి, తర్వాత ఐదు రోజులు నాలుగేసి గంటలకి. టోబ్రామైసిన్ 0.3% మామూలు కలకకి నాలుగేసి గంటలకి ఒకసారి. క్లోరాంఫెనికాల్ 0.5% మొదటి రెండు రోజులు రెండేసి గంటలకి, తర్వాత నాలుగేసి గంటలకి, మొత్తం ఐదు రోజులు.

హాస్టల్ పిల్లలకి మూడు పూటల మందే నయం. బడి వేళల్లో రెండు గంటలకోసారి అంటే ఎవరూ వెయ్యరు. అలాంటప్పుడు డాక్టర్ని అడిగి సులువైన మందు రాయించుకోవడం తప్పేమీ కాదు.

సల్ఫా మందులు పడనివాళ్ళు సల్ఫాసెటమైడ్ చుక్కలకి దూరంగా ఉండాలి. ఇంట్లో ఎవరికైనా ఎముక మజ్జ పని చెయ్యని రక్త జబ్బు ఉంటే, క్లోరాంఫెనికాల్ రాసేముందే డాక్టరుకి చెప్పాలి. నియోమైసిన్ ఉన్న ఆయింట్‌మెంట్ కొందరికి పడదు. రెండు మూడు రోజులకి రెప్పలు ఉబ్బి, చర్మం పొలుసులు లేచి దురద పెడుతుంది. రోగం ముదిరిందని ఇంకాస్త రాస్తారు. అప్పుడు చెయ్యాల్సింది ఆపడం.

వంశధార, పర్లాకిమిడి

చీటీలో చాలాసార్లు రెండు చుక్కలని ఉంటుంది. షాపు దగ్గర కూడా ‘దుయి టోపా’ అనే చెబుతారు. మీరు ఒకటంటున్నారు. తక్కువైతే మందు పని చేస్తుందా?

మందుల బీరువా, పర్లాకిమిడి

లెక్క చూడండి. కింది రెప్పకీ గుడ్డుకీ మధ్య ఉన్న సంచిలో, కన్నీరుతో కలిపి, మహా అయితే 30 మైక్రోలీటర్లు పడుతుంది. ఒక్క చుక్కే 30 నుంచి 50 మైక్రోలీటర్లుంటుంది. అంటే మొదటి చుక్కకే నిండి పొర్లుతుంది. రెండో చుక్క చెంప మీదకే. కొంత మందు ముక్కులోకి దిగి గొంతులో చేదుగా తగులుతుంది కూడా. చీటీలో రెండని రాసేది మొదటిది గురి తప్పుతుందేమోనని. సరిగ్గా పడితే ఒకటి చాలు. పడిందో లేదో అనుమానంగా ఉంటే ఇంకొకటి వెయ్యండి, ప్రమాదమేమీ లేదు.

ఇదే లెక్కలో 5 మి.లీ. సీసాలో 100 నుంచి 165 చుక్కలుంటాయి. రెండు కళ్ళకీ రోజుకి మూడుసార్లు, ఏడు రోజులు వేస్తే 42 చుక్కలు. అందుకే వైద్యం అయిపోయాక సగానికి పైగా మిగులుతుంది. ఆ మిగిలిందే తర్వాత ఇంటిల్లిపాదికీ తిరుగుతుంది.

కంటి దీపం, గుణుపురం

వేసే పద్ధతి చెబుతాను. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

వేసేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కుని ఆరనివ్వాలి. పుసి ఉంటే ముందు దాన్ని తియ్యాలి. పుసి మీద మందు వేస్తే మందు పుసితో పాటే కొట్టుకుపోతుంది. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో శుభ్రమైన దూది ముంచి పిండి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒకే ఒకసారి తుడిచి, ఆ దూది పారేయాలి. రెండో తుడుపుకి కొత్త దూది. రెండో కంటికి మళ్ళీ కొత్తది. ఎండిపోయి గట్టిపడితే లాగకండి, తడి దూదిని రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచితే నానుతుంది.

సీసా కొత్తదైతే మూత తిప్పే తీరు చూడండి. కొన్నిటికి మూత లోపల ముల్లుంటుంది, మూతని చివరిదాకా బిగిస్తే అదే మొనకి రంధ్రం చేస్తుంది. గుండుసూదితో, పిన్నీసుతో పొడవకండి. రంధ్రం పెద్దదై చుక్క పెద్దదవుతుంది, సూది మురికి కూడా లోపలికి పోతుంది. సస్పెన్షన్ అని రాసి ఉంటే బాగా కుదపాలి.

తల వెనక్కి వాల్చి పైకప్పు వైపు చూడమనాలి. కింది రెప్పని చూపుడు వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న దొన్నెలా తెరుచుకుంటుంది. సీసా మొన కంటికి ఒక అంగుళం ఎత్తున ఉంచి చుక్క ఆ దొన్నెలో వెయ్యాలి, సూటిగా నల్లగుడ్డు మీద కాదు. అక్కడ పడితే ఉలిక్కిపడి కన్ను మూసేస్తారు, మందు బయటికి పోతుంది. మొన రెప్పకీ వెంట్రుకలకీ వేలికీ దేనికీ తగలకూడదు.

తర్వాత కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి లోపలి మూలలో వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. మందు ముక్కులోకి దిగే కాలువ అక్కడే ఉంది. కన్ను గట్టిగా బిగించి మూసినా, టకటకా రెప్పలు కొట్టినా మందు బయటికి పోతుంది. వేరే చుక్కల మందు కూడా ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంట్ ఉంటే అది ఎప్పుడూ చివర. ముందు రాస్తే ఆ జిడ్డు చుక్కలని లోపలికి పోనివ్వదు.

ఆయింట్‌మెంట్ బియ్యపు గింజకి కాస్త ఎక్కువ పొడవు, ఒక సెంటీమీటరు చాలు. కింది రెప్ప లోపల పొడుగ్గా పెట్టి కన్ను మూసుకోవాలి. పదీ ఇరవై నిమిషాలు చూపు మసగ్గా ఉంటుంది కాబట్టి పడుకునేముందు పెట్టడం మంచిది. పెట్టుకుని బండి నడపకూడదు.

ఏజెన్సీ నర్సు, జయపురం

క్లోరాంఫెనికాల్ ఆప్లికాప్స్ గురించి కూడా చెప్పాలి. గుండ్రటి మెత్తని గొట్టాల్లా ఉంటాయి, చూడ్డానికి మింగే మాత్రల్లా ఉంటాయి. ఇచ్చేటప్పుడు ‘ఇది మింగేది కాదు, కంట్లో పిండేది’ అని విప్పి చూపించండి. కొన తుంచి, కింది రెప్పలో పిండి, గొట్టం పారేయాలి. ఒక్కోటి ఒక్కసారికే. సీసా తిరిగే బెడద లేదు కనుక గుంపుగా ఉండే చోట అనుకూలంగా ఉంటుంది.

పసిబిడ్డల విషయం మాత్రం వేరు. పుట్టిన 28 రోజుల్లోపు బిడ్డకి కళ్ళలో చీము కనిపిస్తే ఇంట్లో ఉన్న చుక్కలు వెయ్యడం, తల్లిపాలు పిండడం, ఆముదం రాయడం ఏదీ చెయ్యొద్దు. ఆ రోజే ఆసుపత్రికి. మొదటి ఐదు రోజుల్లో రెప్పలు ఉబ్బి చీము ధారగా వస్తుంటే గనేరియా సూక్ష్మజీవి కావచ్చు. అది ఒకటి రెండు రోజుల్లో నల్లగుడ్డుని తినేస్తుంది. దానికి ఇంజెక్షన్ కావాలి, చుక్కలు చాలవు. తల్లిదండ్రులకి కూడా వైద్యం చెయ్యాలి. క్లమీడియా అనే ఇంకో సూక్ష్మజీవి అయితే రెండో వారంలో బయటపడుతుంది, దానికి నోటి మందు.

బిడ్డ కన్ను ఎర్రగా లేకుండా, ఎప్పుడూ నీళ్ళు కారుతూ కాస్త పుసి చేరుతూ ఉంటే కన్నీటి కాలువ మూసుకుని ఉండవచ్చు. అందుకు ముక్కు పక్కన నొక్కి మర్దనా చేసే పద్ధతి డాక్టరు చూపిస్తారు. సంవత్సరం లోపు చాలామందికి తెరుచుకుంటుంది. ప్రతి నెలా యాంటీబయాటిక్ కొనడం దానికి మందు కాదు.

నందివర్ధనం పూల రసం, ఉల్లిరసం, తేనె, గులాబీ నీళ్ళు, కాటుక... ఇవేవీ కలక వచ్చిన కంట్లో వద్దు. పెద్దవాళ్ళని నొప్పించనక్కర్లేదు, ‘పువ్వు మూసిన రెప్ప మీద పెట్టుకో అమ్మా, రసం లోపల మాత్రం వద్దు’ అంటే వింటారు.

పొలం గట్టు, గుణుపురం

నూర్పుల రోజుల్లో వడ్లగింజో ఊకో కంట్లో పడుతుంది. వరి ఆకు కోసుకుంటుంది. పత్తి ఏరేటప్పుడు పుల్ల గుచ్చుకుంటుంది. అప్పుడు కూడా ఇవే చుక్కలు వేస్తారు మా వైపు. సరేనా?

నేత్ర వైద్యం, బరంపురం

ఈ ప్రశ్న వచ్చినందుకు సంతోషం. కలకకీ దీనికీ సంబంధం లేదు. ఆకు, పుల్ల, మట్టి తగిలి నల్లగుడ్డు గీసుకుంటే ఆ గీత గుండా ఫంగస్ లోపలికి పోతుంది. మన దేశంలో పల్లెల్లో వచ్చే కంటి పుండ్లలో ఫంగస్ వాటా చాలా పెద్దది, ముఖ్యంగా ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రకాలు. యాంటీబయాటిక్ చుక్క ఫంగస్‌ని ఏమీ చెయ్యలేదు. దానికి నాటామైసిన్ 5% లాంటి మందు కావాలి, అది కూడా పుండు మీద నుంచి గీకి తీసిన నమూనా మైక్రోస్కోపులో చూశాక. స్టెరాయిడ్ కలిసిన సీసా వేస్తే కంటిని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

గుర్తులు ఇవి. నొప్పి, కలకలో ఉండే గరగర కాదు, అసలైన నొప్పి. వెలుగు చూడలేకపోవడం. చూపు మసకబారడం, పుసి తుడిచాక కూడా. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. ఒక్క కన్నే, అందులోనూ దెబ్బ తగిలిన కన్ను. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. రాయగడ వాళ్ళు పార్వతీపురం మీదుగా విశాఖ రైలెక్కినా, ఇటు బరంపురం వచ్చినా సరే, రేపటికి వాయిదా వెయ్యకండి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వేసిన సీసాలన్నీ పట్టుకెళ్ళండి, ఖాళీవి కూడా. ఏ మందు పడిందో తెలిస్తే మాకు సగం పని తేలికవుతుంది.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళ కన్ను ఎర్రబడినా ఇదే తొందర. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయితే ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డు కరగడం మొదలవుతుంది. లెన్సు వెంటనే తీసేయాలి, వైద్యం పూర్తయ్యేదాకా మళ్ళీ పెట్టకూడదు, పాత లెన్సూ డబ్బా రెండూ పారేయాలి.

కంటి పుండుకి సిప్రోఫ్లాక్సాసిన్ గంటగంటకీ వేస్తున్నప్పుడు కొందరికి పుండు మీద తెల్లటి పొడిలా పేరుకుంటుంది. అది మందు గడ్డకట్టడం, క్రమంగా పోతుంది. కానీ అది మందా, పుండు పెరగడమా అన్నది ఇంట్లో తేల్చలేరు, చూపించాల్సిందే.

వంశధార, పర్లాకిమిడి

రెండు రోజుల్లో కన్ను తెల్లబడితే చుక్కలు ఆపేయొచ్చా? మందు వృథా ఎందుకని అడుగుతున్నాను.

నేత్ర వైద్యం, బరంపురం

చీటీలో ఎన్ని రోజులుంటే అన్ని రోజులు వెయ్యండి. మామూలుగా ఐదు నుంచి ఏడు. మధ్యలో ఆపితే మిగిలిన సూక్ష్మజీవులు మళ్ళీ లేస్తాయి. అలాగని పదిహేను రోజులు సాగదీయకండి, అదీ తప్పే. టోబ్రామైసిన్, జెంటామైసిన్ ఎక్కువ రోజులు వేస్తే కంటి పైపొర మానడమే ఆలస్యమవుతుంది. మొదలుపెట్టిన రెండు మూడు రోజులకి పుసి తగ్గుముఖం పట్టకపోతే మందు మార్చాలి లేదా రోగం వేరై ఉండాలి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వెయ్యండి, తర్వాతి పూట రెట్టింపు వద్దు.

మందుల బీరువా, పర్లాకిమిడి

మిగిలిన సీసా సంగతి. తెరిచిన రోజునే మూత మీద కాదు, సీసా ఒంటి మీద తేదీ రాయండి, మూతలు మారిపోతాయి. తెరిచిన 28 రోజులకి ఎంత మిగిలినా పారేయాలి. పెట్టె మీద ఇంకా తక్కువ రోజులుంటే అదే లెక్క. ఎక్స్‌పైరీ తేదీ 2027 అని ఉండవచ్చు, అది మూత తియ్యని సీసాకి. అసలు ఒక కలకకి తెరిచిన సీసాని 28 రోజుల్లోపైనా ఇంకొకరికి వాడకూడదు. సీసా మొన వాళ్ళ పుసి దగ్గర తిరిగి ఉంటుంది.

నిల్వ పదార్థం ఉందిగా, క్రిములు బతకవుగా అంటారు. మొనకి తగిలిన పుసిలోని క్రిములని అది అన్నిసార్లూ పూర్తిగా చంపలేకపోవచ్చు, కొన్ని సీసాల్లో ఆ పదార్థమే ఉండదు. 2022-23లో అమెరికాలో కలుషితమైన కన్నీటి చుక్కల వల్ల మందులకి లొంగని సూడోమోనాస్ 81 మందికి సోకింది. 14 మందికి చూపు పోయింది, నలుగురు చనిపోయారు. కంటిచుక్క మామూలు వస్తువు కాదు.

వేడి ఇంకో శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింద అల్మరాలో, బండి డిక్కీలో పెట్టకండి. క్లోరాంఫెనికాల్ చుక్కలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మిగతావి పెట్టె మీద రాసిన వేడి దాటకుండా ఉంటే చాలు, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఫ్రిజ్ లేకపోతే మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి నీళ్ళ కుండ పక్కన నీడలో ఉంచండి, కుండలో కాదు. రంగు మారినా, నలకలు తేలినా పారేయండి. ఇన్‌స్టంట్ గమ్ము సీసాలు, చెవి మందులు, పులిపిర్ల మందులు ఉన్న అరలో కంటి మందు ఉండకూడదు. ఆకారం ఒకేలా ఉండి రాత్రిపూట కంట్లో గమ్ము వేసుకున్న ప్రమాదాలు ప్రపంచమంతా నమోదయ్యాయి.

నాగావళి గట్టు, రాయగడ

చాలా ఉపకారం చేశారు. ఇద్దరినీ డాక్టరుకి చూపించాం, మాక్సీఫ్లాక్సాసిన్ 0.5% రాశారు, చెరొక సీసా కొన్నాం. ఇంకో రెండు అనుమానాలు. రెండు కళ్ళకీ ఒకే సీసా వాడొచ్చా? మిగతా పిల్లల్ని ఎలా కాపాడాలి?

కంటి దీపం, గుణుపురం

మొన తగలకుండా వేస్తే ఒక మనిషి రెండు కళ్ళకీ ఒకే సీసా చాలు. ఒక కంటికే కలక ఉంటే రెండో కంట్లో వెయ్యొద్దు. రెండు కళ్ళకీ కలక ఉండి, ఒకదాంట్లో ఎక్కువగా ఒకదాంట్లో తక్కువగా ఉంటే, తక్కువగా ఉన్నదానికి ముందు, పుసి ఎక్కువున్నదానికి తర్వాత. సీసా మీద పిల్ల పేరు, తెరిచిన తేదీ స్కెచ్ పెన్నుతో రాయండి. ఒకే మందు రెండు సీసాలున్నాయి కనుక పేరు లేకపోతే రేపే కలిసిపోతాయి. వేళలు బడికి కలిసొచ్చేలా పెట్టండి. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 9. ఒక కాగితం మీద గళ్ళు గీసి వేసినప్పుడల్లా టిక్కు పెట్టండి. ఇద్దరు ముగ్గురు చేతులు మారే చోట అది లేకపోతే ఒక పూట రెండుసార్లు పడుతుంది, ఇంకో పూట పడదు.

మిగతా పిల్లలకి చుక్కలు వద్దు, సబ్బు కావాలి. కళ్ళలోకి చూస్తే కలక అంటుకోదు, చెయ్యీ తువ్వాలూ దిండూ అంటిస్తాయి. నల్ల కళ్ళద్దాలు వెలుగు గుచ్చుకోకుండా పనికొస్తాయి గానీ అంటుకోవడాన్ని ఆపవు. కలక ఉన్నవాళ్ళని ఒక గదిలో ఉంచి, తువ్వాలు, దిండు గలీబు రోజూ వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. చెరువు స్నానం, బకెట్టులో అందరూ చేతులు ముంచడం ఆపండి, మగ్గుతో పొయ్యండి. పుసి ఉన్న పిల్లలు చుక్కలు మొదలుపెట్టి ఒక రోజు గడిచి, పుసి తగ్గాక బడికి పోవచ్చు. నీళ్ళు కారేవాళ్ళకి వైరస్ కనుక నీరు కారడం ఆగేదాకా విడిగా ఉంచడమే మంచిది.

నాగావళి గట్టు, రాయగడ

ఇద్దరిలో చిన్నదానికి ఆరేళ్ళు. సీసా చూడగానే కళ్ళు గట్టిగా మూసేసి ఏడుస్తుంది. ఇద్దరు పట్టుకుని రెప్ప విప్పాల్సొస్తోంది.

ఏజెన్సీ నర్సు, జయపురం

విప్పకండి. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళు మూసుకునే ఉండమనండి. ముక్కు పక్కన కంటి లోపలి మూలలో చిన్న గుంట ఉంటుంది, చుక్క అందులో వెయ్యండి. తల కదపకుండా ‘ఇప్పుడు తెరువు అమ్మలూ’ అంటే తెరవగానే మందు తనంతట తానే లోపలికి జారుతుంది. కాస్త బయటికి పోయినట్టుంటే ఇంకో చుక్క. ముందు పుసి పూర్తిగా తుడవడం మాత్రం మరవకండి, లేకపోతే ఆ గుంటలోదంతా మందుతో కలిసి కంట్లోకే పోతుంది. ఏడుస్తున్నప్పుడు వెయ్యకండి, కన్నీళ్ళు మందుని కడిగేస్తాయి. ఏడుపు ఆగి ఐదు నిమిషాలయ్యాక వెయ్యండి.

నాగావళి గట్టు, రాయగడ

రాత్రి 9 గంటలకి ఇలాగే వేస్తామండి.